సైకిల్ షాపు మేడమీది రేడియో

మార్చి 3

అర్ధమొగుడు గారైన వదినగారికి,

కోప్పడకండి. ఆడపడుచు అర్ధమొగుడని పెద్దవాళ్లే అన్నారు, నా సొంత కవిత్వం కాదు. అసలు మొగుడు బస్సు డ్యూటీకి వెళ్లారు కాబట్టి, సగం మొగుడితోనైనా నా గోడు చెప్పుకుందామని కూర్చున్నాను. పొద్దున్న విప్పిన చేతిగడియారం ఒకటి బల్లమీద ముక్కలుగా ఉంది. దాని మీద గిన్నె బోర్లించి మరీ రాస్తున్నాను. ఇప్పుడు నాకు తుమ్మొచ్చిందంటే ఆ చక్రాలు మళ్లీ దొరకవు.

గోడంతా మా రేడియో గురించి. మీరు వెక్కిరిస్తారనే ఇన్నాళ్లూ వివరంగా రాయలేదు. సైకిల్ రిపేరు షాపు మేడమీద మాది ఒకే ఒక్క గది. గోడలకి గుడ్ల అట్టలు, తలుపు వెనక పాత పరుపు. కిటికీ తెరిస్తే కింద పంక్చర్లు వేసే చప్పుడు, మూస్తే ఉక్కపోత. ఒక్కరికీ జీతం లేదు. పొద్దున్న పోస్టు బాబాయి వార్తలు చదువుతారు. పోస్ట్‌మన్‌గా రిటైరైనా ఊరికి ఆ పేరే మిగిలింది. ఎవరి గొడుగు ఎక్కడ మర్చిపోయారో, ఏ వీధిలో నీళ్లు రావో ఆయనే చెప్పాలి. మధ్యాహ్నం ఆస్పత్రి నర్సు ఒకావిడ డ్యూటీ దిగి వచ్చి, తనకి నచ్చిన పాటలన్నీ వేసి, నచ్చనివి ఎందుకు నచ్చలేదో కూడా చెబుతుంది. గురువారం సాయంత్రం ఒక గంట నాది. మీ తమ్ముడు బస్సులో ఈ రేడియో తప్ప ఇంకోటి పెట్టరు. పెళ్లాం మాట వినడానికి అంతకన్నా మంచి చోటు లేదంటారు, కావాలంటే కట్టేయొచ్చట.

ఇప్పుడు ఫ్రీక్వెన్సీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఫ్రీక్వెన్సీ అంటే గాలిలో మాకిచ్చిన స్థలం అనుకోండి. చాలా ఊళ్లలో రేడియోలున్న కంపెనీ ఒకటి ఆ స్థలం తనకి కావాలని అడిగింది. మీ రేడియో వినేవాళ్లున్నారని వచ్చే నెల విచారణలో రుజువు చూపించండి, లేకపోతే వాళ్లకిచ్చేస్తాం అని రాశారు. ఆ కంపెనీ రేడియో మీరు వినే ఉంటారు. ఎక్కడో కూర్చున్నవాడు ఏరిన నలభై పాటలే తిప్పి తిప్పి వేస్తారు, మధ్యలో సబ్బులు. మా వీధిలో నీళ్లు రావని వాడికేం తెలుస్తుంది?

అడగందే అమ్మైనా పెట్టదు, ఇక వదినేం పెడుతుంది. అందుకే అడుగుతున్నాను. ఒక్క గురువారం వచ్చి, మా గదిలో కూర్చుని వయొలిన్ వాయించండి. అంత దూరం నుంచి మీరొస్తే ఊరంతా వింటుంది, రుజువూ దొరుకుతుంది. ఇవ్వడానికి మా దగ్గర కాఫీ తప్ప ఏమీ లేదు.

మీ తమ్ముణ్ని భరిస్తున్న,
మరదలు


మార్చి 8

మరదలు పిల్లకి,

నా తమ్ముణ్ని భరిస్తున్నానని సంతకం పెట్టావు. వాడి ముక్కు తుడిచి, బూట్లు తొడిగి, బడిలో పారేసి రావడం నా వంతుగా ఉండేది. నేను భరించి భరించి మిగిల్చినదే నీకు వచ్చింది. ఆ సంగతి మనసులో పెట్టుకో.

ఇక అసలు విషయం. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలు కాబట్టి ముందే చెబుతున్నాను, రాను. నిన్ను కాఫీ ఇచ్చి గడియారం బాగుచేసి పెట్టమంటే చేస్తావా? ఊరికే వాయించేవాళ్లు దొరికితే పిలిచి డబ్బిచ్చేవాళ్లు ఉండరు. అసలే ఇక్కడ రికార్డింగులు తగ్గిపోయి, మా ఫ్లూటాయన పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు.

రేడియోల సంగతి నాకు నువ్వు చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా రికార్డింగు హాల్లో వెనక వరుస, మూడో కుర్చీ నాది. జనం నోళ్లలో నానే పాటలు ఎన్నింటిలోనో నా వయొలిన్ ఉంది. ఒక్కసారైనా, ఒక్క రేడియోవాడైనా, ఆ మూడో కుర్చీలో ఎవరున్నారని అడిగిన పాపాన పోలేదు. నా పేరు పెట్టుకుని నేను చేసింది ఆ ఒక్క అరగంట రికార్డే. అది పట్టుకుని పెద్ద రేడియో ఆఫీసుకి వెళ్తే అక్కడి పెద్దమనిషి కళ్లు మూసుకుని కాసేపు విని, "చాలా బాగుందమ్మా, మూడు నిమిషాలకి కుదించండి" అన్నాడు. "మీ అమ్మాయి చదువు మూడో తరగతికి కుదించండి, నేనూ కుదిస్తాను" అని వచ్చేశాను. ఆ తర్వాత దాన్ని ఎవరూ వేయలేదు, ఎవరూ కొనలేదు. నాకు బాధ లేదు. బాధ లేదంటే లేదు.

మీ రేడియో వినేది ఇద్దరు. ఒకడు నా తమ్ముడు. రెండోవాడు కింద సైకిల్ షాపతను, పాపం అతని నెత్తిమీదే ఉన్నారు కాబట్టి తప్పించుకోలేడు. వాళ్లిద్దరినీ తీసుకెళ్లి విచారణలో నిలబెట్టు.

వాయించని,
వదిన


మార్చి 13

వదినగారికి,

అడిగితే రానన్నారు కాబట్టి అడక్కుండానే తెచ్చేసుకున్నాను. నిన్న గురువారం నా గంటలో మీ రికార్డు మొత్తం వేశాను. పోయినసారి వచ్చినప్పుడు మీరు మా బీరువా మీద పెట్టి, "ఉంటే ఉండనీ, లేకపోతే ఎసరు గిన్నె మీద మూత పెట్టుకో" అన్నారే, ఆ రికార్డే. మూత పెట్టుకోలేదు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా, మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా వేశాను. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని అరగంట నోరు మూసుకుని కూర్చున్నానంటే అది మీ గొప్పే. అయిపోయాక పోస్టు బాబాయి తలుపు సందులోంచి చేతులూపితే అప్పుడు మీ పేరు చెప్పాను. పక్కన తంబూరా వేసినావిడ పేరూ, రికార్డింగు చేసినాయన పేరూ కూడా చెప్పాను. మా రేడియోలో అదే పద్ధతి. కవరు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నా సరే, వాయించిన ప్రతివాళ్ల పేరూ చదవాల్సిందే. కంటికి భూతద్దం పెట్టుకుని బతికేదాన్ని నేనుండగా ఎవరి పేరు తప్పించుకుంటుంది?

ఊరికే గడియారం బాగుచేస్తావా అన్నారు. చేస్తున్నాను. రేడియో గదిలో గోడ గడియారం ఆగిపోతే ఇంటికి తెచ్చి విప్పాను. గోడ బోసిగా ఉండకూడదని, దర్జీ ఆవిడ బాగుచెయ్యమని ఇచ్చిన గడియారం అక్కడ తగిలించాను. బాగుచేసిన గడియారాన్ని కొన్నాళ్లు కళ్లముందు నడిపించి చూడందే మనిషికి ఇవ్వడం మా పనిలో లేదు. దాని పరీక్షా అవుతుంది, రేడియోవాళ్లకి టైమూ తెలుస్తుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

తిట్లు ఏవైనా ఉంటే ఉత్తరంలో రాయండి. ఫోన్ చేస్తే షాపులో అందరికీ వినపడతాయి.

మీ మూత పెట్టుకోని,
మరదలు


మార్చి 24

మరదలికి,

పిల్లా గిల్లా అని రాసే ఓపిక నాకు లేదు.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. "అక్కా, నీ వయొలిన్ రేడియోలో వేసిన దగ్గర్నుంచీ నా బస్సులో సగం మంది జనం లేరే. డిపోలో నన్ను సంజాయిషీ రాయమన్నారు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ నేనే పెట్టేశాను. అంతకన్నా వినాలనిపించలేదు.

నీకు సంతోషమేనా? బస్సులో వేరే రేడియో పెట్టడని నువ్వే రాశావు. జనం ఏం చేస్తారు పాపం, నడిచి పోతున్నారు. కుదించమన్న పెద్దమనిషి మర్యాదస్తుడే, నేనే అనవసరంగా ఆయన కూతురి చదువు దాకా వెళ్లాను. నా వాయిద్యం బాగోలేదని ఇన్నాళ్లూ నాకు అనుమానం ఉండేది. ఇప్పుడు ఒక బస్సు బస్సంతా దిగి రుజువు చేసింది. పైగా వాడి ఉద్యోగానికి ఎసరు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ రికార్డు వెంటనే తిరిగి పంపించెయ్. ఎసరు గిన్నె మీద మూతగా కూడా వాడొద్దు.

వదిన


మార్చి 28

వదినగారికి, వదినగారికి, వదినగారికి,

కంగారులో మూడుసార్లు రాశాను. అయ్యో, ఎంత పని జరిగింది! మీరు ఇంకాస్త సేపు ఫోన్ పెట్టేయకుండా ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. జనం మీ వయొలిన్ విని బస్సు దిగిపోలేదు. అసలు ఎక్కలేదు. ఎక్కడానికి వాళ్లొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. మీ తమ్ముడు రోజూ పావుగంట ముందు బయల్దేరుతున్నారు.

ఎందుకంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొన్న దర్జీ ఆవిడ గడియారం కోసం వచ్చింది. షాపులో లేదు, రేడియో గదిలో ఉందంటే మేడెక్కింది. గోడవైపు చూసి, "అబ్బ, ఎంత బాగా పెట్టావమ్మా, నేను చెప్పినట్టే పావుగంట ముందుంచావు" అంది. వాళ్లాయన్ని వేళకి ఇంట్లోంచి బయటికి తొయ్యడానికి ఆ ఇంట్లో గడియారం ఎప్పుడూ పావుగంట ముందే నడుస్తుంది. బాగుచేసేటప్పుడు ముల్లు ముట్టుకోవద్దని ఆవిడ మరీ మరీ చెప్పింది. నేనూ బుద్ధిగా అలాగే ఉంచి, తీసుకెళ్లి ఊరందరికీ టైము చెప్పే గోడకి తగిలించాను. నా షాపులో చూస్తే గడియారానికో టైము, అన్నీ రిపేరుకి వచ్చినవే కదా. ఏ ఒక్కటీ రెండోదానితో కలవదు. నాకు తేడా ఎలా తెలుస్తుంది? రెండు వారాల పాటు పోస్టు బాబాయి, నర్సు, నేను, అందరం ఆ గడియారం చూసి గొంతు సవరించుకుని మరీ టైము చెప్పాం. మీ తమ్ముడు రాత్రిళ్లు బస్సు మా వీధి చివరే ఆపుకుంటారు, పొద్దున్న రేడియో టైము విని బయల్దేరతారు. ఆ సంజాయిషీ కాగితంలో "నా భార్య చెప్పినందువల్ల" అని రాశారట. డిపో మేనేజరు చదివి, తనకీ పెళ్లయింది కాబట్టి వదిలేశాడట. ఈసారికి హెచ్చరికతో సరిపెట్టారు.

ఇప్పుడు అసలు కథ వినండి. మీ తమ్ముడు తల పట్టుకుని, "సగం మంది లేరు, సగం మంది లేరు" అంటుంటే నాకు దీపం వెలిగింది. మిగతా సగం మంది ఉన్నారుగా! పావుగంట ముందు వెళ్లిన బస్సు వాళ్లకెలా దొరికింది? వాళ్లూ మా రేడియో టైము వినే ఇంట్లోంచి బయల్దేరారు! బేకరీవాళ్లు పొయ్యి ముందే వెలిగించారు. బళ్లో బెల్లు ముందే కొట్టారు. సెలూన్ ఆయన తెల్లారకుండానే షట్టర్ తీసి, ఎవరూ రారేమిటని విసుక్కున్నాడు. తప్పు జరిగిందని రేడియోలో క్షమాపణ చెప్పిన మర్నాటి నుంచీ ఉత్తరాలే ఉత్తరాలు. అన్నీ తిట్లే. పోస్టు బాబాయి ఉద్యోగంలో ఉన్నప్పటిలా వీధులవారీగా సర్ది కట్టలు కట్టారు. ఆ కట్టలు చూసి ఆయనా నేనూ చేతులు పట్టుకుని గెంతినంత పని చేశాం. వినేవాళ్లున్నారని చెప్పడానికి ఇంతకన్నా రుజువేముంటుంది?

అన్నట్టు, రికార్డు తిరిగి పంపను. ప్రతి గురువారం వేస్తున్నాను, మొన్నా వేశాను.

తలవంచుకుని, అయినా నవ్వుతూ,
మరదలు


ఏప్రిల్ 3

గడియారాల మరదలా,

నీ ఉత్తరం రికార్డింగు మధ్యలో విరామంలో చదివాను. నవ్వాపుకోలేక హాల్లోంచి బయటికి పరిగెత్తాను. ఫ్లూటాయనకి చెబితే ఆయనకి ఎక్కిళ్లు పట్టుకుని, ఆ రోజుకి ఫ్లూటు పనికిరాలేదు. నీ పుణ్యమా అని ఇక్కడ కూడా ఒక పాట ఆలస్యమైంది.

నవ్వు సరే. నీకు ఒక మాట చెప్పాలి. తమ్ముడి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ నీ ఉత్తరం అందేదాకా నేను ఇంట్లో వయొలిన్ పెట్టె తెరవలేదు. హాల్లో వాయించానంటే అది ఉద్యోగం. ఇంట్లో సాయంత్రాలు నాకోసం నేను వాయించుకుంటానే, అది మానేశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. నాలాంటి రాక్షసికి కూడా ఇలా అవుతుందని నాకు ఇప్పుడే తెలిసింది.

నీ రుజువు నీకు దొరికింది కాబట్టి ఇక నా అవసరం లేదు. విచారణకి ఆ తిట్ల కట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్లు. నేను రాను. ఊరికే వాయించను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

ఒక చిన్న విషయం. అన్ని ఉత్తరాలొచ్చాయన్నావు కదా. వాటిలో గడియారం గొడవ కాకుండా, ఆ రికార్డు గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారా? ఊరికే అడుగుతున్నాను. రాయకపోయినా పరవాలేదు.

వదిన


ఏప్రిల్ 10

వదినగారికి,

మీరు ఊరికే అడిగారు, నేను ఉన్నదున్నట్టు చెబుతాను. రాయలేదు. కట్టలన్నీ మళ్లీ విప్పి చూశాను. ఒక్క ముక్క లేదు. అన్నిట్లోనూ నిద్ర పాడైందనీ, బస్సు తప్పిందనీ, గడియారాల మనిషినై ఉండి సిగ్గులేదా అనీ ఉంది. మీకోసం ఒక అబద్ధం రాద్దామని కాగితం తీశాను కూడా. కానీ రెండు వారాలు ఊరందరికీ అబద్ధం టైము చెప్పినదాన్ని, ఇంకో అబద్ధానికి చెయ్యి రాలేదు.

విచారణ కూడా తిరగబడింది. ఫ్రీక్వెన్సీ ఆఫీసరు ఉత్తరాలన్నీ ఓపిగ్గా చదివాడు. చెడ్డవాడు కాదు. కళ్లజోడు తీసి, "వీళ్లంతా మీ టైము విన్నారమ్మా, మీ రేడియో విన్నట్టు ఎక్కడుంది? టైము చెప్పడానికి ఒక సైరన్ చాలదా?" అన్నాడు. పోస్టు బాబాయి కట్టలన్నీ మళ్లీ కట్టుకున్నారు. చివరికి ఆఫీసరే, ఇరవై మూడో తారీఖు గురువారం సాయంత్రం స్వయంగా వచ్చి మా గదిలో కూర్చుంటానన్నాడు. టైము తప్ప ఇంకేదైనా ఈ ఊరికి మా నుంచి అందుతోందని కనిపిస్తే సరే, లేకపోతే స్థలం కంపెనీకి వెళ్లిపోతుంది. అందుతోందని ఆయనకి ఎలా కనిపిస్తుంది వదినగారూ? వినడం కంటికి కనిపించే పని కాదు కదా.

ఆ గంట పోతే నాకేమవుతుందని మీ తమ్ముడు అడిగారు, ఓదార్చడానికే. నేను రోజంతా ఒక కన్ను మూసుకుని, ఇంకో కంటికి అద్దం పెట్టుకుని, పలకని చక్రాలతో ఉంటాను. వారానికి ఒక్కసారి ఆ మైకు ముందు కూర్చున్నప్పుడు ఎవరో వింటున్నారని అనిపిస్తుంది. మొహాలు తెలియవు, అయినా వాళ్లతోనే మాట్లాడుతున్నానని తెలుస్తుంది. ఆ గంట కోసం మిగతా రోజులు గడుస్తాయి. అది తీసేస్తే నేను బాధపడతాను. చాలా బాధపడతాను.

ఈసారి మిమ్మల్ని రమ్మని అడగను. మీ మాట మీదే మీరుండండి, అది న్యాయమైన మాటే. ఆ రోజు కూడా మీ రికార్డే వేస్తాను. నా దగ్గర అంతకన్నా మంచిది లేదు.

మరదలు


ఏప్రిల్ 25

వదినగారూ, మా తల్లీ,

చెప్పాపెట్టకుండా వచ్చారు, వాయించారు, కాఫీ కూడా తాగకుండా తిరుగు బస్సెక్కేశారు. మనిషన్నాక ఒక్క మాటైనా మాట్లాడి వెళ్లాలా వద్దా? ఆ బస్సు నడిపింది మీ తమ్ముడే కాబట్టి ఆయన్ని నిలదీశాను. "మా అక్క ఏడుస్తూ నవ్వింది, నేను అద్దంలోంచి చూడనట్టు నటించాను" అన్నారు. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు.

మంచి వార్త ముందు. స్థలం మాకే ఉంచారు! నిన్న కాగితం వచ్చింది. పోస్టు బాబాయి దాన్ని రేడియోలో ఇవాళ తెల్లవారుజామున చదివారు. మధ్యాహ్నం నర్సు మళ్లీ చదివింది. సాయంత్రం ఎవరూ అడక్కుండానే నేను ఇంకోసారి చదివాను.

ఆ సాయంత్రం నా వైపు నుంచి ఎలా ఉందో చెబుతాను. ఆఫీసరు స్టూలు మీద కూర్చున్నాడు. నేను మీ రికార్డు వేశాను. అరగంట అయిపోయింది. ఫోన్ మోగలేదు, ఎవరూ రాలేదు. ఆయన జేబులోంచి కలం తీశాడు. అయిపోయింది అనుకున్నాను. ఇంతలో మెట్లమీద ఏదో కూలినంత చప్పుడు. తలుపు తీస్తే మీరు. మీ వెనక మెట్ల కింద దాకా జనం, బేకరీ ఆవిడ, సెలూన్ ఆయన, చేతుల్లో సంచులతో ఇంకా ఎవరెవరో! అంతమందిని ఎక్కణ్నుంచి పోగుచేశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నన్ను తిట్టడానికి వచ్చారేమోనని ముందు భయపడ్డాను.

మీరు వాయించడం మొదలుపెట్టాక నేను మైకు కూడా సరిగ్గా చూసుకోలేదు. అచ్చం రికార్డులో ఉన్నట్టే, ఒక్క మెలిక పొల్లుపోకుండా వాయించారు. ముఖ్యంగా మధ్యలో, ఆ చిన్న ముక్కని మూడుసార్లు తిప్పి తిప్పి వాయించే చోటు ఉందే, అది నాకు ప్రాణం. సరిగ్గా అక్కడే మెట్లమీద జనమంతా మీతో గొంతు కలిపారు. ఎవరూ సైగ చెయ్యలేదు. మూడుసార్లూ కలిపి, మూడోసారి మీతో పాటే సన్నగా వదిలేశారు. ఆఫీసరు కలం మూసి జేబులో పెట్టేసుకున్నాడు. "వీళ్లకి ఇది ఎలా వచ్చు?" అని నన్ను అడిగాడు. "గురువారాలు" అన్నాను.

వదినగారూ, అలా మూడుసార్లు తిప్పాలని మీకు ఎలా తోచింది? రేడియోలో చెబుతాను, రాయండి. ఇంకో సంగతి, ఆ ఆఫీసరుగారికి మీ రికార్డు ఒకటి కావాలట. బతిమాలుతున్నాడు. కొత్తది ఒకటి పంపండి.

మీ కాఫీ బాకీ ఉన్న,
మరదలు


ఏప్రిల్ 30

నా మరదలికి,

నాకు తోచలేదే. రికార్డు చేసినప్పుడు నేను ఆ చోట ఒక్కసారే వాయించాను. రికార్డులో ఒక్కసారే ఉంది. నీ రికార్డు మీద గీత పడింది మహాతల్లీ! ముల్లు అక్కడికి రాగానే వెనక్కి జారి, మళ్లీ జారి, మూడోసారికి గానీ గీత దాటడం లేదు. చీమ తలకాయంత అక్షరాలు చదివే కళ్లకి అది కనపడలేదా?

జరిగింది చెబుతాను. రానని రాశానే గానీ, నీ పదో తారీఖు ఉత్తరం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పొద్దున్నే బయల్దేరాను. మీ ఊరి మలుపులో తమ్ముడి బస్సెక్కితే వాడు నన్ను చూసి నోరు తెరిచాడు. "నోరు మూసుకుని నడుపు" అన్నాను. నీకు ముందే తెలిస్తే రేడియోలో చాటింపు వేస్తావని నా భయం. బస్సులో నీ గొంతు వస్తోంది. తర్వాత నా రికార్డు. తలొంచుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లలో నా వాయిద్యాన్ని జనం మధ్య కూర్చుని విన్నది లేదు.

పక్క సీట్లో చేతులకి పిండి అంటుకున్న ఒకావిడ ఉంది, బేకరీ ఆవిడ. రికార్డుతో పాటు సన్నగా కూనిరాగం తీస్తోంది. వెనక సీటు ఆయన కూడా. అంతలో ఆ చోటు వచ్చింది, ముల్లు జారింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ మాత్రం ఆగలేదు. మూడుసార్లూ పాడింది, ఏమీ తేడా లేనట్టు. ఉండబట్టలేక, "అది తప్పమ్మా, రికార్డు అరిగిపోయింది, అక్కడ ఒక్కసారే ఉండాలి" అన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మీకేం తెలుసండీ? అది వాయించినావిడ మా డ్రైవరుగారి అక్క. మొదటిసారి అడుగుతుంది. రెండోసారి బతిమాలుతుంది. మూడోసారి పోనీలే అని వదిలేస్తుంది. ఒక్కసారే ఉంటే అందులో ఇంకేముంది?" అంది. బస్సులో అందరూ ఆవిడ వైపే. సెలూన్ ఆయనైతే, "తెలియకపోతే ఊరుకోవాలమ్మా" అని నాకు బుద్ధి చెప్పాడు. తమ్ముడు అద్దంలోంచి చూస్తూ భుజాలు ఎగరేసి నవ్వుతున్నాడు. స్టాపులో బండి ఆపి, "మీరు తిడుతున్నది ఆవిడనే" అన్నాడు, వెధవ. అందుకే వాళ్లంతా నా వెనక మేడెక్కారు. నేను పోగుచేసుకుని రాలేదు. నేను సరిగ్గా వాయిస్తానో లేదో చూడ్డానికి వచ్చారు.

అప్పటికప్పుడు మెట్లెక్కుతూ నిర్ణయించుకున్నాను, ఆవిడ చెప్పినట్టే వాయించాలని. అడిగాను, బతిమాలాను, వదిలేశాను. మరదలా, నాకు చప్పట్లు కొట్టినవాళ్లు లేకపోలేదు. నా పక్కన కూర్చుని, నా వాయిద్యంలో ఏముందో నాకే చెప్పి, తప్పు నాదని కోప్పడినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. తిరుగు బస్సులో ఏడ్చింది అందుకే. నీతో మాట్లాడితే గొంతు ఎలా వస్తుందో తెలియక వెళ్లిపోయాను.

పిలిచి డబ్బెగ్గొట్టేవాళ్లతో ఇప్పటికీ పోట్లాడతాను, అందులో మార్పు లేదు. మీ సంగతి వేరు. మీరు జీతం పుచ్చుకోకుండా నన్ను వారం వారం ఊరికి వినిపించారు, నేను తిట్టినా మానలేదు. హాల్లో వెనక వరుస వాళ్లందరికీ చెప్పాను. ఫ్లూటాయన వచ్చే నెల మీ గదికి వస్తున్నాడు. ఆయన వాయించేది గంట పడుతుంది, కుదించమని అన్నావంటే ఊరుకోను. ఆయన తర్వాత ఇంకొకరు బయల్దేరుతున్నారు. స్టూళ్లు సరిపోకపోతే సైకిల్ షాపులో అడుగు.

ఇప్పుడు ఇంట్లో సాయంత్రాలు నేనూ ఆ చోట మూడుసార్లే వాయిస్తున్నాను. ఒక్కసారి వాయిస్తే బోసిగా ఉంటోంది.

ఆఫీసరుగారికి మాత్రం కొత్త రికార్డు పంపను. నా దగ్గరున్నవి ఒక్కటీ గీత పడ్డవి కావు. ఆ పాట కావాలంటే ఆయన్నీ గురువారం సాయంత్రం అందరితో పాటు రేడియో పెట్టుకోమను.

నీ వదిన